దెయ్యాల బొమ్మకు నలుపు ఒక్కటే చాలదు: ‘కోరలైన్’ రంగుల పేజీలు, మన ఊళ్ల పేజీలు

గట్టుమీది ఇల్లు (రాజోలు)
అందరికీ నమస్కారం. మా అమ్మాయి మూడో తరగతి. ఈ మధ్య వాళ్ల పెద్దనాన్న గారింట్లో ‘కోరలైన్’ యానిమేషన్ సినిమా చూసి వచ్చింది. చిన్న తలుపు, గుండీ కళ్ల అమ్మ, నల్లపిల్లి, ఇప్పుడు ఇంట్లో ఇవే కబుర్లు. రంగులు వేసుకోమని గీతల బొమ్మలు ప్రింటు తీయించి ఇచ్చాను. ఏ పేజీ తీసినా ముందు నల్ల పెన్సిల్‌తో ఆకాశమంతా రుద్దేస్తోంది. ‘దెయ్యాల సినిమా కదమ్మా, నల్లగానే ఉండాలి’ అంటోంది. నేను కూడా పక్కన కూర్చుని చూశాను. నాకు మాత్రం ఆ సినిమాలో నలుపు కంటే గులాబీ, నీలం, నారింజ ఎక్కువగా కనిపించాయి. అయినా భయం వేసింది. అది ఎలా కుదిరిందో, పెన్సిళ్లతో పిల్లకు ఎలా చూపించాలో తెలిసినవారు చెప్పండి. ఇంట్లో 24 రంగుల పెన్సిళ్ల పెట్టె, స్కెచ్ పెన్నులు, క్రేయాన్లు ఉన్నాయి. ముసురు పట్టి కాగితాలు మెత్తబడి అట్టల మీద నిలవడం లేదు. దానికీ ఉపాయం ఉంటే చెప్పండి.

డ్రాయింగు మాస్టారు (పాలకొల్లు)
అమ్మా, మీకు కనిపించిందే అసలు విషయం. 2009లో వచ్చిన ఆ సినిమాకు దర్శకుడు హెన్రీ సెలిక్. బొమ్మలను చేత్తో కొంచెం కొంచెంగా కదుపుతూ, కదిపినప్పుడల్లా ఒక ఫొటో తీసి కూర్చిన పని అది. తెర మీద ఒక సెకను నడవాలంటే 24 ఫ్రేములు కావాలి. అంత ఓపికగా చేసేవాళ్లు ఒక్క రంగును కూడా ఊరికే పెట్టరు.

కథలో రెండు ఇళ్లు ఉన్నాయి. కోరలైన్ అనే పిల్ల నిజంగా ఉండే ఇల్లు వానతో, బురదతో, బూడిద రంగుతో ఉంటుంది. అమ్మానాన్నలకు తీరిక ఉండదు, కూర రుచిగా ఉండదు. చిన్న తలుపు దాటి వెళితే అవతలి ఇల్లు దీపాలతో, రుచికరమైన భోజనంతో, వెన్నెల్లో మెరిసే పూలతోటతో పిలుస్తుంది. ప్రమాదం ఉన్నది అక్కడే. పిల్లను లోపలికి లాగే ఎర ఆ రంగులే. అక్కడ అచ్చం అమ్మలా ఉండే గుండీ కళ్ల అమ్మ ఒకామె, పిల్ల కళ్లకూ గుండీలు కుట్టాలని చూస్తుంది. ఆ అమ్మ నిజస్వరూపం బయటపడుతున్నకొద్దీ రంగులు వెలిసిపోయి, చివరికి ఆ లోకం అంచు తెల్లకాగితంలా మిగులుతుంది. అంటే సినిమాలో భయం మూడు మెట్లు ఎక్కుతుంది: మసక రంగు, మితిమీరిన రంగు, రంగు లేకపోవడం.

ఈసారి అమ్మాయికి ఒకే గీతల పేజీని మూడు ప్రతులు తీసి ఇవ్వండి. వంటగది బొమ్మ అయితే బాగుంటుంది. మొదటి ప్రతిలో ప్రతి రంగు మీద పలుచగా బూడిద రంగు పూత వేయించండి. రెండోదానిలో బూడిద, నలుపు ముట్టుకోకూడదన్న నియమం పెట్టండి. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా. ఎదురెదురు రంగులు పక్కపక్కన చేరితే రెండూ పోటీపడి వెలుగుతాయి. మూడోదానిలో గుండీ కళ్లు మాత్రమే నల్లగా వేసి, మిగతాదంతా ఖాళీగా వదిలేయమనండి. మూడూ గోడకు వరుసగా అంటించండి. నలుపు తక్కువ ఉన్న పేజీయే ఎక్కువ భయపెడుతుందని ఎవరూ చెప్పనక్కరలేకుండా పిల్లకే తెలుస్తుంది.

రంగులపెట్టె (భీమవరం)
మాస్టారు చెప్పిన దానికి చేతిపని వైపు నుంచి కొన్ని మాటలు.

కోరలైన్ వేసుకునే పసుపు వానకోటుతోనే చాలామందికి చిక్కు. నీడ కోసం పసుపు మీద నలుపు రుద్దితే అది పాచిపట్టిన ఆకుపచ్చలోకి తిరుగుతుంది. పెన్సిల్ అయినా, నీటి రంగు అయినా ఇదే జరుగుతుంది. కోటు మడతల్లో ముందు గోధుమ రంగు పలుచగా వేసి, దాని మీద నారింజ, బాగా లోతైన మడతలో మాత్రం కొంచెం ఊదా వేయండి. పైన నిమ్మపండు పసుపుతో గట్టిగా ఒక పూత వేస్తే అన్నీ కలిసిపోతాయి. భుజం మీద వెలుగు పడే చోట కాగితాన్ని తెల్లగానే వదలండి.

కోరలైన్ నీలం జుట్టుకు ఒకే నీలం వాడితే టోపీలా కనిపిస్తుంది. లేత నీలం అంతటా వేసి, పాపిడి దగ్గర, చెవి వెనక ముదురు నీలం వేయాలి. పెన్సిల్ గీత జుట్టు దువ్వే దిశలోనే నడవాలి, అడ్డంగా రుద్దకూడదు.

రాత్రి ఆకాశానికి నల్ల పెన్సిల్ పెట్టెలోనే ఉంచండి. ముదురు నీలం ఒక పూత, దాని మీద ముదురు గోధుమ ఒక పూత, మళ్లీ నీలం. ఇలా వచ్చే చీకటి నలుపు కంటే లోతుగా ఉంటుంది. చందమామ చుట్టూ ముందే లేత పసుపు వలయం వేసి, అక్కడి నుంచి బయటికి వెళ్లేకొద్దీ నీలం చిక్కబరచండి. సినిమాలో చందమామకు గ్రహణంలా గుండీ నీడ పడుతుంది కదా, ఆ పేజీ దొరికితే వదలకండి.

అన్నిటికంటే ముఖ్యం, మొదటి పూత చేతి బరువు లేకుండా వేయాలి. మొదట్లోనే గట్టిగా నొక్కితే కాగితం నునుపెక్కి మైనం పేరుకుంటుంది. తర్వాత ఏ రంగూ పట్టదు.

ప్రింటు షాపు (తణుకు)
కాగితం సంగతి నేను చెబుతాను. షాపుల్లో మామూలుగా వాడేది 70 లేదా 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కాగితం. పెన్సిల్‌కు పరవాలేదు. స్కెచ్ పెన్ను వేస్తే వెనక్కి దిగుతుంది, రెండుసార్లు రుద్దితే నూగు లేస్తుంది. 120 జీఎస్ఎం పైన ఉన్నది అడగండి. డ్రాయింగు షీటును ప్రింటరుకు సరిపడే కొలతకు కోసి పట్టుకెళ్లినా సరే, యంత్రం పట్టగలిగితే చాలామంది తీసి ఇస్తారు. చెయ్యి పెట్టి చూస్తే కాస్త గరుకుగా ఉన్న వైపు ప్రింటు తీయించండి. పెన్సిల్ రంగు దానికే పడుతుంది.

ఇంకొకటి. నీటి రంగులు, నీటితో పనిచేసే స్కెచ్ పెన్నులు వాడేటట్లయితే లేజర్ ప్రింటు గానీ జిరాక్స్ గానీ తీయించుకోండి. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటరు గీతలు చాలావరకు తడి తగలగానే పాకుతాయి. స్పిరిటు వాసన వచ్చే మార్కర్లకు మాత్రం లెక్క వేరు. వాటిలో కొన్ని జిరాక్స్ నలుపును కరిగించి రంగులో కలపవచ్చు. ఒక మూలన గీసి చూసుకుని మొదలుపెట్టండి.

ముసురు రోజుల్లో కాగితాలు విడిగా ఉంచకండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో, బట్టల దుకాణంలోనో చెప్పుల పెట్టెలోనో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు వేసి పెట్టండి. ఆ పొట్లాలు పిల్లల చేతికి అందకూడదు. వేయబోయే ముందు కాగితాన్ని అట్టకు నాలుగు వైపులా టేపుతో బిగిస్తే మెలితిరగదు.

లంక మీద గాలి (అమలాపురం)
మాస్టారూ, మీరు చెప్పిన మూడు మెట్లు నాకు నచ్చాయి. కానీ ఒక అభ్యంతరం ఉంది. ఆ కథ జరిగేది అమెరికాలోని ఆరిగాన్‌లో. అక్కడి పిల్లకు విసుగు పుట్టించే రోజు బూడిద రంగులో ఉంటుంది. మన పిల్లలకు విసుగు పుట్టే రోజు రంగేమిటి? మాకు కిటికీ తెరిస్తే కొబ్బరితోట, తోట దాటితే వరి, వరి దాటితే అరటి. అంతా పచ్చే. నాలుగు రోజులు ముసురు పడితే ఆ పచ్చదనం మీద నీటి పొర పడి, కళ్లకు బరువుగా ఉంటుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చాక నది, కాలువ, వీధి అన్నీ ఇటుక రంగే. మన పిల్లలకు బూడిద రంగు ఇల్లు గీసి ఇదే మామూలు ఇల్లు అంటే, అది వాళ్లకు పరాయి ఇల్లే అవుతుంది. అలాంటప్పుడు అవతలి లోకానికి ఏ రంగు వేయాలి?

డ్రాయింగు మాస్టారు (పాలకొల్లు)
చాలా మంచి ప్రశ్న. రంగు ఒంటరిగా ఉండదు, పక్కవాడిని బట్టి మారుతుంది. ఫ్రాన్సులో గోబెలిన్ తివాచీల అద్దకశాలను చూసుకునే షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో దీని మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. నల్లదారం నాసిగా ఉందని నేతగాళ్లు ఫిర్యాదు చేస్తే పరీక్షించి, దారంలో లోపం లేదు, పక్కనున్న రంగు వల్ల అలా కనిపిస్తోందని తేల్చాడు. బూడిద రంగు ముక్కను నారింజ మధ్యలో పెట్టి చూడండి, నీలంగా తోస్తుంది. అదే ముక్కను ఆకుపచ్చ మధ్యలో పెడితే ఎర్రజీర కనిపిస్తుంది.

కాబట్టి మన మామూలు ఇల్లు మసక పచ్చగా ఉండాలి. ఆకుపచ్చ మీద పలుచగా ఇటుక రంగు పూస్తే ముసురు రోజు పచ్చదనం వచ్చేస్తుంది, బూడిద పెన్సిల్ అవసరమే లేదు. ఇక అవతలి లోకం అంటారా, మన దగ్గర పచ్చ ఎంత ఉన్నా అందరికీ అలవాటే. పచ్చ లేని లోకమే మన పిల్లను ఉలిక్కిపడేలా చేస్తుంది. కొబ్బరాకులు గులాబీ రంగులో, వరిచేను ఊదాలో, కాలువ నీళ్లు నారింజలో మెరుస్తున్న పేజీ వేయించండి. మొదట అందంగా ఉంటుంది. కాసేపు చూస్తే మన ఊరు కాదని తెలుస్తుంది.

లంక మీద గాలి (అమలాపురం)
గులాబీ కొబ్బరాకులు! ఒప్పుకున్నాను మాస్టారూ. ఈ వారమే గీస్తాను.

లేసు సూది (నరసాపురం)
రంగుల మాట మీరంతా చెబుతున్నారు, నేను దారం మాట చెబుతాను. మా ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచి క్రోషే సూది ఆగలేదు. ఈ సినిమాలో నన్ను కట్టిపడేసింది కోరలైన్ వేసుకునే నక్షత్రాల స్వెట్టరు. అది కంప్యూటర్‌లో గీసినది కాదు. అల్తియా క్రోమ్ అనే ఆమె సన్నని తీగల్లాంటి సూదులతో, బొమ్మ ఒంటికి సరిపడేంత చిన్నదిగా నిజంగానే అల్లింది. అంత చిన్న కుట్టు పడాలంటే చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో మా నరసాపురం ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. వసంతంలా విరబూసిన చెట్ల పూలకు పేలాల మొక్కజొన్నను గులాబీ రంగు అద్ది వాడారట. ఇది తెలిశాక మా పిల్లలు పేలాలు తినడం మానేసి చెట్లకు అంటిస్తున్నారు.

స్వెట్టరు పేజీ వేసేవారికి: ముదురు నీలం చదునుగా నింపవద్దు. ముందు లేత నీలం వేసి, దాని మీద ముదురు నీలంతో ఒకదాని కింద ఒకటిగా చిన్న చిన్న ‘వి’ ఆకారాలు నిలువు వరుసల్లో పెట్టుకుంటూ రండి. అల్లిక కనిపిస్తుంది. నక్షత్రాలను రంగు వేయకుండా వదిలి, అంచుకు పలుచని బూడిద గీత ఇస్తే వెండిలా మెరుస్తాయి. గుండీలకు కూడా నాలుగు రంధ్రాలు, వాటి మధ్య దారం తప్పకుండా గీయండి. దారం రంగు నలుపు కంటే ఒక మెట్టు తేలికగా ఉంటేనే కంటికి అందుతుంది. ఆ కుట్టు కనబడినప్పుడే సూది గుచ్చుకుంటుందేమోనన్న భయం పుడుతుంది. గుండీ ఒక్కటే ఉంటే అది మామూలు చొక్కా గుండీయే.

కొబ్బరి పీచు (ముమ్మిడివరం)
పెన్సిల్ గీతలు కనబడకుండా కలపడానికి మా ఇంట్లో చెవి పుల్లకు ఒక చుక్క కొబ్బరినూనె అద్ది రుద్దుతాం. రంగు వెన్నలా కలిసిపోతుంది. కొనాల్సిన పని లేదు, ఇంట్లోనే ఉంటుంది.

రంగులపెట్టె (భీమవరం)
దీనికి నేను ఒప్పుకోను, మన్నించండి. పెన్సిల్‌లోని మైనాన్ని నూనె మెత్తబరుస్తుంది, నిజమే. కానీ కొబ్బరినూనె ఆరే నూనె కాదు. తైలవర్ణ చిత్రాలకు వాడే అవిసెనూనె గాలి తగిలి గట్టిపడుతుంది, ఇది ఎన్నాళ్లయినా తడిగానే ఉంటుంది. కాగితంలో పాకి, గీత దాటి చుట్టూ జిడ్డు మరక వేస్తుంది. ఆ చోట కాగితం గాజులా పలచబడి వెనక ఉన్నది కనిపిస్తుంది. మన తేమకు పుస్తకంలో పక్క పేజీకి కూడా అంటుకుంటుంది. పొడి కాగితాన్ని గట్టిగా చుట్టి, కొనను అరగదీసి దానితో రుద్దండి. లేదా తెల్ల పెన్సిల్‌తో గట్టిగా ఒత్తుతూ పైన ఒక పూత వేయండి. గీతలు కలుస్తాయి, మరక ఉండదు.

తెర వెనక దీపం (కాకినాడ)
మీరు చెప్పిన ఆ లోపాన్నే మనం వాడుకోవచ్చు. కాగితం గాజులా పలచబడటం నాకు కావలసింది!

మా వైపు మాధవపట్నంలో తోలుబొమ్మల కళాకారులు తరతరాలుగా ఉన్నారు. తోలును వెలుగు దాటేంత పలుచగా శుభ్రం చేసి, రంగులు వేసి, నగలు ఉండే చోట చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. పగలు చేతిలో పట్టుకుంటే అది మామూలు బొమ్మ. రాత్రి తెర వెనక దీపం పెడితే ఎరుపు, పచ్చ తమంతట తాము మండుతున్నట్టు ఉంటాయి, రంధ్రాల్లోంచి నగలు తళుక్కుమంటాయి. దెయ్యాల బొమ్మకు ఇంతకంటే ఏం కావాలి?

పిల్లలతో ఇలా చేయండి. మామూలు పలుచని కాగితం మీదే గీతల బొమ్మ తీయించండి. స్కెచ్ పెన్నులతో, బూడిద కలపకుండా శుభ్రమైన రంగులు వేయించండి. పెన్సిల్ కంటే స్కెచ్ పెన్ను సిరా వెలుగును బాగా దాటనిస్తుంది. పూర్తిగా ఆరాక కాగితాన్ని తిప్పి, వెనకవైపు దూదితో కొబ్బరినూనె పలుచగా అంతటా పూసి, పాత వార్తాపత్రికల మధ్య ఒక రాత్రి ఉంచి జిడ్డు పీల్చనివ్వండి. కళ్లు, నక్షత్రాలు, చందమామ ఉన్న చోట పెద్దవాళ్లు సూదితో రంధ్రాలు పొడవాలి. గదిలో లైటు ఆపి, వెనక నుంచి టార్చి వేయండి. నూనె కాగితం కాబట్టి కొవ్వొత్తి గానీ ప్రమిద గానీ దగ్గరికి రానివ్వకండి. టార్చి లేదా ఫోను లైటు చాలు.

వానకోటు పసుపు ఇందులో ఎలా వెలుగుతుందో చూసి నాకు చెప్పండి. సినిమాలో ఆ అమ్మకు ముందే చిక్కిన ముగ్గురు దెయ్యపు పిల్లల బొమ్మకైతే రంగు అసలు వద్దు. వాళ్ల చుట్టూ ముదురు నీలం వేసి, వాళ్లను ఖాళీగా వదిలితే వెలుగే వాళ్ల ఒళ్లు అవుతుంది.

కొబ్బరి పీచు (ముమ్మిడివరం)
నా కొబ్బరినూనెకు మంచి దారి చూపించారు. ధన్యవాదాలు. ఈ రాత్రికే మొదలు.

పదో తరగతి (రామచంద్రపురం)
నావి రెండు ఉపాయాలు. తెల్ల క్రేయాన్ లేదా కొవ్వొత్తి ముక్కతో తెల్లకాగితం మీద దెయ్యాన్ని గీయండి, ఏమీ కనబడదు. తర్వాత నీటిలో పలుచన చేసిన నీలం రంగు కుంచెతో పూయండి. మైనం నీటిని పట్టనివ్వదు కాబట్టి దెయ్యం బయటికి వస్తుంది. మా తమ్ముడు కేక పెట్టాడు.

రెండోది: కాగితమంతా మెరిసే రంగుల క్రేయాన్లతో గట్టిగా నింపి, దాని మీద నల్ల క్రేయాన్ మందంగా పూసి, అగ్గిపుల్ల వెనకవైపుతో బొమ్మ గీకండి. కింద రంగులు తేలతాయి. సాలెగూటికి ఇది బాగా వస్తుంది. సినిమా చివర ఆ అమ్మ సాలీడులా మారిపోతుంది కదా, ఆ పేజీ ఇలాగే చేశాను.

గట్టుమీది ఇల్లు (రాజోలు)
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని ఊహించలేదు, అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మూడు వంటగదుల పేజీలు గోడ మీదకు ఎక్కాయి. మూడో పేజీ దగ్గర అమ్మాయి చాలాసేపు నిలబడి, ‘ఈ అమ్మకు ఇల్లు కూడా లేదు’ అంది. రెండో పేజీని తిప్పి అంటించమంటోంది.

ఇప్పుడు తనకు మన ఊరి దెయ్యం పేజీ కావాలట. వాళ్ల తాతగారు కొరివి దెయ్యం కథ చెప్పారు. రాత్రి చేలగట్ల మీద నిప్పు ఒంటరిగా నడుస్తుందని, పిలిస్తే పలకకూడదని. నేను పెన్సిల్‌తో గట్టు, తాటిచెట్లు, దూరంగా ఒక పెంకుటిల్లు గీశాను. నిప్పుకు రంగులు ఎలా వేయాలి?

డ్రాయింగు మాస్టారు (పాలకొల్లు)
నిప్పు నడిమధ్యన కాగితాన్ని తెల్లగా వదలండి. చుట్టూ నిమ్మపండు పసుపు, తర్వాత నారింజ, అంచున ఇటుక రంగు. అక్కడితో ఆపకండి, అంచు దాటాక చీకటి గట్టిగా ఉండాలి. నీలం, గోధుమ పూతలు రంగులపెట్టె గారు చెప్పినట్టే వేయండి. చుట్టూ చీకటి లేకపోతే నిప్పు నారింజపండులా కనిపిస్తుంది.

నిప్పు వెలుగు ఎక్కడెక్కడ పడుతుందో అమ్మాయినే అడగండి. తాటిమాను ఒక పక్క నారింజ గీత, రెండో పక్క చీకటి. నాట్లు వేసిన చేను అయితే నీళ్లు ఉంటాయి, కాబట్టి నిప్పు కిందికి నీటిలో ముక్కలు ముక్కలుగా విరిగిన నారింజ గీతలు. పెంకుటింటి కిటికీలో లాంతరు వెలుగు వేయాలనిపిస్తే దానికి అదే నారింజ వాడవద్దు. లేత పసుపు చాలు. ఇంటి వెలుగుకూ దెయ్యం వెలుగుకూ తేడా కంటికి తెలియాలి.

తాటాకులకు గులాబీ వద్దు. ఇది అవతలి లోకం కాదు, మన చేనే.

ప్రింటు షాపు (తణుకు)
ఆ గీతల బొమ్మ శుభ్రంగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండమ్మా, అందరం తీసుకుంటాం. మీరు సొంతంగా గీసినది కాబట్టి మీరు సరే అంటే పంచుకోవచ్చు. సినిమా బొమ్మల పేజీలు ఇంట్లో పిల్లలు వేసుకోవడం వరకు వేరు, వాటిని పుస్తకంగా కుట్టి అమ్మాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. తిరునాళ్లలో అమ్ముకుంటామని కట్టలు తీయమనేవారికి నేను ఇదే చెప్పి పంపిస్తాను.

గట్టుమీది ఇల్లు (రాజోలు)
సంతోషంగా పెడతాను. రేపు వెలుతురు వచ్చాక ఫొటో తీస్తాను. అమ్మాయి ఆఖరి ప్రశ్న ఒకటుంది, నల్లపిల్లిని నలుపు లేకుండా ఎలా వేయాలట?

రంగులపెట్టె (భీమవరం)
పిల్లికి నలుపు వాడవచ్చని చెప్పండి! ముందు ఒళ్లంతా ముదురు నీలం పలుచగా వేసి, వీపు మీద, చెవి అంచున ఆ నీలాన్ని అలాగే ఉంచి, మిగతా చోట్ల నలుపు వేయాలి. గీతలు బొచ్చు వాలిన వైపే వెళ్లాలి. అవతలి లోకంలో అందరికీ గుండీ కళ్లు ఉన్నా ఈ పిల్లికి మాత్రం సొంత కళ్లే, అవీ నీలం. ఆ కళ్లను అన్నిటికంటే ముందు వేసి, పైన చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టుకోమనండి. నలుపు వేసేటప్పుడు చెయ్యి రాసుకుని కళ్లు మసకబారకుండా ఉంటాయి.